తోలు తెలిసిన చేతి ఒర

బీదరు జిల్లాలోని మన్నాఏఖేళ్ళి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పడమరకు సాగితే హుమ్నాబాద్, ఆ పైన బసవకల్యాణం వస్తాయి. తూర్పుకు తిరిగితే జహీరాబాద్. 1956కు ముందు ఇదంతా ఒకే బీదరు జిల్లా. రాష్ట్రాల సరిహద్దులు మారినా తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఈ వైపు ఒకే సంతలో వినిపిస్తాయి. బీదరు అనగానే నల్లని లోహం మీద వెండి పొదిగిన బిద్రీ పని గుర్తుకొస్తుంది. ఇదే నేల మీద అంతకంటే పాతదైన విద్య మరొకటి ఉంది. అది తోలు పని. చిన్న పిస్టల్‌ను బట్టల చాటున నడుముకు పెట్టుకునే తోలు ఒరను ఎలా ఎంచుకోవాలో తెలియాలంటే ఆ విద్య దగ్గరికే వెళ్లాలి.

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే పిస్టల్ ఉంచుకోకూడదు. 9 ఎం.ఎం. పిస్టల్ సామాన్య పౌరులకు నిషిద్ధం. లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించేది .32 రకం, అంటే 7.65 ఎం.ఎం. పిస్టల్. ఒర గురించి 2016 నాటి ఆయుధాల నియమావళి సూటిగానే చెప్పింది. బహిరంగ స్థలంలో పిస్టల్‌ను ఒంటికి కట్టుకున్న ఒరలోనో, అలాంటి సంచిలోనో మాత్రమే ఉంచుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. మోసే మనిషి అదుపులో ఉండాలి. 2019 సవరణ వచ్చాక పెళ్లి ఊరేగింపుల్లో సంబరానికి తుపాకి పేల్చడం కూడా శిక్షార్హమైన నేరం. కాబట్టి ఆయుధాన్ని కనపడకుండా ఉంచుకోవడం సోకు కాదు, లైసెన్సుదారుడి బాధ్యత. ఆ బాధ్యత బరువు మోసేది మూడు మిల్లీమీటర్ల తోలు.

లందలో మొదలయ్యే భద్రత

పచ్చి చర్మం తడిస్తే కుళ్లుతుంది, ఎండితే చెక్కలా బిగుసుకుంటుంది. దాన్ని ఈ రెండింటికీ లొంగని తోలుగా మార్చడమే ఊనడం. మన పల్లెల్లో ఆ పని లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో జరిగేది. చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక రాల్చేవారు. లోపలివైపు అంటుకున్న మాంసాన్ని కత్తితో గీకేవారు. కడిగి సున్నం వదిలించాక తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో వేసేవారు. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వు బతుకమ్మకెక్కితే, బెరడు లందకు చేరింది. అందులోని వగరే చర్మపు పోగులను పట్టి ఉంచుతుంది.

ఈ పనిలో ఓపిక తప్పనిసరి. మొదట పల్చని నీళ్లు, తర్వాత క్రమంగా చిక్కనివి వాడాలి. మొదటి రోజే చిక్కని నీళ్లు పోస్తే పైపొర గట్టిపడి దారి మూసేస్తుంది, నడిమి పొర పచ్చిగానే మిగిలిపోతుంది. దక్కనులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. చర్మాన్నే సంచిలా కుట్టి, లోపల చెక్క పొడి, నీళ్లు నింపి వేలాడదీసేవారు. కారిన నీళ్లను మళ్లీ అందులోనే పోసేవారు. తంగేడుతో ఊనిన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది. అందుకని చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించి, నూనె రుద్ది ఆరబెట్టేవారు. బావి లోతుల నుంచి పొలానికి నీళ్లు తోడిన మోట, ఎడ్ల మెడపట్టీలు, వారులు, కిర్రుచెప్పులు అన్నీ ఈ తోలు చేసిన సేవలే.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో ఊనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని చాలా కొద్ది కాలంలో అయిపోయే దారి ఏర్పడింది. ఆ తోలు మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది, బూట్ల పైభాగానికి బాగుంటుంది. ఒరకు మాత్రం అది చాలదు. తడిపి ఒక ఆకారంలో నొక్కి ఆరబెడితే ఆ ఆకారాన్ని గట్టిగా నిలుపుకునే గుణం చెట్టు చెక్కతో ఊనిన తోలుకే ఉంది. అందుకే కొనేముందు అంచు చూడండి. కోసినచోట పైనుంచి కిందదాకా గోధుమరంగు ఉంటే అది చెక్కతో ఊనినది. నడుమ నీలి బూడిద రంగు కనిపిస్తే క్రోమ్ తోలు. అంచుకు దట్టంగా రంగు పూసి దాచేస్తే అడిగి తెలుసుకోండి.

అచ్చు, కుట్టు

చర్మంలో అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. వీపు భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగిపోతుంది. ఒరకు వీపు తోలే కావాలి. పనివాడు దాన్ని రంపెతో కోసి, తడిపి, పిస్టల్ కొలతకు చెక్కిన అచ్చు చుట్టూ చేర్చి, నున్నని కొయ్యతో ట్రిగ్గర్ కాపు చుట్టూ, నాళం వెంట నొక్కుకుంటూ పోతాడు. నీడన ఆరాక ఆ నొక్కులే పిస్టల్‌ను పట్టి ఉంచుతాయి. ఈ పని కోసం పనివాడికి అసలు ఆయుధాన్ని అప్పగించకూడదు. సరైన కొలతల అచ్చు చాలు.

తర్వాత కుట్టు. ఆరెతో రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు సూదులతో అటూ ఇటూ దూర్చి లాగే కుట్టు చేతిపని గర్వించదగ్గది. ఒకచోట ఒక పోగు తెగినా రెండోది పట్టు వదలదు. మిషను కుట్టులో పై దారం తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. చేతికుట్టును గుర్తుపట్టాలంటే ఒరను తిరగేసి చూడాలి. రెండు వైపులా వరస ఒకేలా, సమదూరంలో ఉండాలి.

కుట్టిన ఒరను మోసే తోలు పట్టీకి మన సైన్య చరిత్రలోనూ చోటుంది. 1858లో ఉత్తర భారతంలో జరిగిన పోరులో శామ్ బ్రౌన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా వచ్చే పట్టీతో నడికట్టు తయారైంది. పోలీసు అధికారులు నేటికీ వేసుకునే అడ్డపట్టీ దాని సంతానమే. తోలు సరిగ్గా అమర్చితే పోయిన చేతి పని కూడా చేస్తుందని అది రుజువు చేసింది.

ఎంచుకునే తీరు

అన్నిటికంటే ముందు చూడాల్సింది ట్రిగ్గర్. ఒర దాన్ని రెండు వైపులా పూర్తిగా కప్పాలి. వేలు గానీ, చొక్కా అంచు గానీ దూరే సందు ఉండకూడదు. రెండోది ఒర మూతి. పిస్టల్ బయటకు తీశాక మూతి ముడుచుకుపోతే, తిరిగి పెట్టేటప్పుడు మడతపడిన తోలు ట్రిగ్గర్ మీద పడి గుండు పేలవచ్చు. ఇది ప్రాణాంతకమైన లోపం. మంచి పనివాడు మూతి చుట్టూ రెండో పొర కుట్టి దాన్ని ఎప్పుడూ తెరిచి ఉండేలా చేస్తాడు. వాడి వాడి మెత్తబడి, మూతి వాలిపోయిన ఒరను జాలి లేకుండా పక్కన పెట్టేయాలి.

మూడోది పట్టు. గుళ్లు, మ్యాగజైన్ తీసేసి, నాళం వెనక గుండు ఉండే అర ఖాళీగా ఉందని కళ్లారా చూసుకున్న పిస్టల్‌ను ఒరలో పెట్టి, మంచం మీద మెత్తని పరుపుకు కాస్త పైన తలకిందులు చేసి మెల్లగా ఊపాలి. జారకూడదు. కొత్త తోలు బిగుతుగా ఉంటుంది, కొద్ది రోజుల వాడకంతో సర్దుకుంటుంది. ఏ నమూనా పిస్టల్‌కు ఆ నమూనా ఒరే కొనాలి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే ఒర దేన్నీ సరిగ్గా పట్టుకోదు.

నాలుగోది నడికట్టు. ఒర ఎంత మంచిదైనా పల్చని బెల్టు మీద వేలాడుతుంది, చొక్కా కింద ఉబ్బుతుంది. ఒరకు బెల్టు దూర్చే సందు వెడల్పు, బెల్టు వెడల్పు ఒకటే కావాలి. ప్యాంటు లోపలివైపు పెట్టుకునే ఒర బాగా దాగుతుంది కానీ ఒంటికి ఆనుకుంటుంది. బయటివైపుది హాయిగా ఉంటుంది కానీ పొడుగు చొక్కానో కుర్తానో కావాలి. మన ఎండల్లో లోపలివైపు పెట్టుకునేవారు పిస్టల్‌కూ ఒంటికీ నడుమ తోలు రెక్క ఉన్న ఒర తీసుకోవాలి. చెమట ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ఇంటికి వచ్చాక పిస్టల్‌ను ఒరలో వదిలేయకూడదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి అలాగే ఉంచితే తుప్పు పడుతుంది. ఆయుధాన్ని ఖాళీ చేసి, తుడిచి, పిల్లలకు అందని చోట తాళం వేసి దాచాలి. తడిసిన ఒరను నీడన ఆరబెట్టాలి, నిప్పు దగ్గర పెట్టకూడదు. నూనె ఎక్కువ పట్టిస్తే తోలు మెత్తబడి మూతి బిగువు పోతుంది.

విద్యకు కట్టాల్సిన ధర

ఇంత లెక్క తెలిసిన చేతులను ఊరు శతాబ్దాలపాటు వెలుపలే ఉంచింది. దానికి ఎదురు నిలిచింది కూడా ఈ బీదరు జిల్లాయే. 12వ శతాబ్దపు కల్యాణంలో, అంటే నేటి బసవకల్యాణంలో, బసవన్న చుట్టూ చేరిన శివభక్తులైన శరణుల్లో చెప్పులు కుట్టిన హరళయ్య ఉన్నాడు, తోలు ఊనిన డోహర కక్కయ్య ఉన్నాడు. వారు కాయకాన్ని, అంటే చేతి కష్టాన్ని, పూజతో సమానంగా నిలబెట్టారు. హరళయ్య దంపతులు తమ తొడల చర్మంతో బసవన్నకు పాదరక్షలు కుట్టారని కథ చెబుతుంది. వాటిని తొడిగే అర్హత తనకు లేదని బసవన్న అన్నాడట. హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన మధువరసు కూతురికి జరిగిన పెళ్లికి రాజు బిజ్జలుడు ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష వేశాడు. తోలు పనివాడిని సమానుడనడానికి ఆనాడు చెల్లించిన మూల్యం అది.

ఈనాడు మనం చెల్లించాల్సింది డబ్బు మాత్రమే. ఒర కొనేటప్పుడు తోలు ఎక్కడిదో, దేనితో ఊనారో, ఎవరు కుట్టారో అడగండి. మంచి పనికి బేరం ఆడకండి. మీ ట్రిగ్గర్ మీద అడ్డుగా నిలిచేది ఆ పనివాడి శ్రద్ధే. గిట్టుబాటు ధర దక్కితే ఆయన బిడ్డలు ఇష్టపడి ఈ విద్య నేర్చుకుంటారు. దక్కకపోతే ఆరె, రంపె చేతపట్టేవారు మిగలరు, మన నడుములకు మిగిలేది అచ్చు నిలవని తోలే.