హీటర్ కోర్‌లో నీటికి అడ్డు ఎక్కడ?

కారు లోపల వెచ్చదనం కోసం డాష్‌బోర్డు వెనక అమర్చే చిన్న రేడియేటరే హీటర్ కోర్. 2000 తర్వాతి తొలి ఏళ్లలో, అమెరికాలో కంప్యూటర్లను నీటితో చల్లబరచుకునే ఔత్సాహికులు దీన్ని వెతికి మరీ కొనేవారు. 1977 నాటి పాంటియాక్ బోనవిల్ కోర్‌కు వారిలో మంచి పేరు. రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు దానిమీద పక్కపక్కనే పడతాయి.

అప్పట్లో వాడిన పంపులు ఎక్కువగా అక్వేరియానికి తయారైనవి. జర్మనీ పంపు ఐహైమ్ 1250 నీటిని గరిష్ఠంగా 2 మీటర్ల ఎత్తుకు నెట్టగలదు. అంత ఎత్తులో ప్రవాహం సున్నా. అందుకే కోర్ దగ్గర పోయే ప్రతి పది సెంటీమీటర్లూ లెక్కలోకి వస్తాయి.

ఆ నష్టాన్ని కొలవడం కష్టమేమీ కాదు. కోర్‌కు ముందొకటి, వెనకొకటి టీ జాయింట్లు బిగించి, వాటినుంచి పారదర్శక గొట్టాలను నిలువుగా నిలబెడితే, రెండు నీటి మట్టాల తేడాయే పీడన నష్టం. ప్రవాహానికి బకెట్టూ స్టాప్‌వాచీ చాలు. పోల్చే కోర్లన్నిటికీ నీటి ఉష్ణోగ్రత ఒకటే ఉండాలి. చల్లటి నీటికి, గ్లైకాల్ కలిపిన నీటికి చిక్కదనం ఎక్కువ.

అయితే ఒక్క ప్రవాహం దగ్గర తీసిన ఒక్క అంకె అసలు సంగతి చెప్పదు. ప్రవాహాన్ని రెట్టింపు చేసి మళ్లీ కొలవాలి. కోర్‌లోని బల్లపరుపు గొట్టాలు నీటిని పంచుకుంటాయి కనుక ఒక్కోదానిలో నీరు నింపాదిగా, సుడులు లేకుండా సాగుతుంది. అక్కడ ప్రవాహం రెట్టింపైతే నష్టమూ సుమారు రెట్టింపే. కోర్‌లోకి నీరు వచ్చే, పోయే ఇరుకైన మూతుల్లో, నీరు మలుపు తిరిగే తొట్టెల్లో మాత్రం నాలుగు రెట్లకు చేరువవుతుంది. కొలత నాలుగు రెట్ల వైపు మొగ్గితే తప్పు గొట్టాలది కాదు, మూతులదో తొట్టెలదో. లోపలి వ్యాసం 9.5 మిల్లీమీటర్ల మూతిని తీసి 12.7 మిల్లీమీటర్లది అతికిస్తే, అదే ప్రవాహానికి ఆ చోట నష్టం మూడో వంతుకో, అంతకంటే తక్కువకో దిగుతుంది. కోర్ మార్చేముందు చేయాల్సిన పని ఇదే.

నీరు ఒక సగం గొట్టాల్లో వెళ్లి రెండో సగంలో తిరిగొచ్చే కోర్లలో దారి రెండింతలు, ఒక్కో గొట్టంలో వేగమూ రెండింతలు. అందువల్ల నింపాది ప్రవాహంలో కూడా గొట్టాల నష్టం, ఒకేసారి దాటించే అమరికతో పోలిస్తే నాలుగు రెట్లు.

తక్కువ నిరోధం వల్ల దక్కే లాభం కోర్‌కంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే రాగి వాటర్ బ్లాక్‌కే ఎక్కువ. నిమిషానికి 4 లీటర్లు పారితే 100 వాట్ల వేడికి నీరు 0.36 డిగ్రీలే వేడెక్కుతుంది. కోర్ వరకు ఆ ప్రవాహం సరిపోతుంది. బ్లాక్‌లోని సన్నని దారుల్లో మాత్రం నీరు వేగంగా కదిలినకొద్దీ రాగినుంచి వేడి బాగా దిగుతుంది, ఆ వేగానికి పీడనం కావాలి.