విద్యార్థి భయము – హాస్యము: ‘బారిష్టరు పార్వతీశము’ పరిశీలనము

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ ప్రథమభాగము 1924వ సంవత్సరమున వెలువడినది. నాఁటినుండియు పాఠకులు దానిని హాస్యనవలగా చదివి యానందించుచున్నారు. విమర్శకులును అట్లే వర్ణించుచున్నారు. ఈ వర్ణనము సత్యమే యైనను సమగ్రము కాదు. చదువునకై యూరు విడిచిన యువకుని యభద్రతను ఇంత నిశితముగఁ జూపిన తెలుఁగు గ్రంథములు మిక్కిలి తక్కువ. ఆ భయమును నాయకుఁ డెట్లు దాఁటెనను ప్రశ్నయే గ్రంథమునకు ప్రాణము.

పార్వతీశము మొగలితుఱ్ఱు వాఁడు. నిడదవోలులో రైలెక్కి, చెన్నపట్టణము చేరి, ఓడమీఁద సీమకుఁ బోవును. స్వగ్రామమున నతఁడు ఫలానావారి యబ్బాయి. రైలుపెట్టెలో నతఁ డెవఁడో యెవ్వరికిని తెలియదు. ఆ క్షణము మొదలు అతనికి మూఁడుపాయములు మిగిలినవి: తెలియనిదానిని తెలిసినట్లు నటించుట, ఎదుటివారిని చూచి యనుకరించుట, పొరపాటు బయటపడినపుడు బింకముతో సమర్థించుకొనుట. దొరసానులు ధరించునదని యెఱుఁగక టోపీని కొనిన ఘట్టమున ఈ బింకమే నవ్వు పుట్టించును. ఒక్కమాట యడిగిన తీరును. కాని యడుగుట తన యజ్ఞానమును నలుగురిలో నొప్పుకొనుట. క్రొత్త విద్యాలయమున నడుగిడిన ప్రతివానికిని ఈ చిక్కు కలదు.

కథను పార్వతీశము తానే చెప్పును. ఇది గమనింపఁదగిన విషయము. నాఁడు పరులు నవ్విరి. చెప్పునపుడు అతఁడే ముందుగా నవ్వుచున్నాఁడు. ఈ సంఘటనములనే వేఱొకఁడు చెప్పియుండిన నవి వట్టి యవమానములై నిలిచెడివి. తన కథను తాను చెప్పఁగలుగుటచేతనే అతఁడు పోఁగొట్టుకొనిన మర్యాదను మరల సంపాదించుకొనెను. తరువాతి భాగములలోని యెడింబరో విద్యార్థిజీవితమును, స్వదేశపునరాగమనమును ఈ దృష్టితోఁ జదివిన, నవలకు ఏకసూత్రత చేకూరును.

ఈ హాస్యముతో విశ్వవిద్యాలయములలో ర్యాగింగను పేర సాగిన నవ్వును పోల్చిచూడవలెను. అచటను క్రొత్తవాని తెలియమియే వినోదవస్తువు. కాని కథ చెప్పు నధికారము పెద్దతరగతులవారిది. 1997లో చేసిన ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధచట్టము అవమానమును, భయమును, దేహహానిని ఒక్క నిర్వచనములోఁ జేర్చినది. 2009లో విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము దేశమంతటికి వర్తించు నియమములను చేసినది. అయినను 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున వాస్తువిద్య నభ్యసించుచున్న విద్యార్థిని యొకతె యాత్మహత్య చేసికొనెను. ర్యాగింగు, వేధింపులు అందులకు కారణములని యారోపణలు రాఁగా ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. నవ్వి మఱచిపొమ్మను హితవు ఇట్టిచోట క్రూరమగును. బింకమునకు స్నేహితుల యెదుట విలువ కలదు. అధికారబలము గలవారి యెదుట నది నిలువదు.

నవల పరిమితియు నిచటనే తెలియుచున్నది. పార్వతీశమునకు ఇంటి యండ కలదు, అగ్రకులమర్యాద కలదు, పురుషుఁడగుటచే లభించు స్వేచ్ఛ కలదు. అతని భయము చాలవఱకు మర్యాదకు సంబంధించినది. రాత్రివేళ గది తలుపు తట్టు చప్పుడునకు ఉలికిపడు బాలిక భయము గాని, కులము పేర వేఱుచేయఁబడిన విద్యార్థి భయము గాని యందు లేదు. కావున ఈ నవలను విద్యార్థిజీవితమున కంతటికిని ప్రమాణముగ గ్రహింపరాదు.

అయినను దాని యుపయోగము తగ్గలేదు. గుడివాడ కైకలూరుల నడుమనున్న ముదినేపల్లి 2022 వఱకు కృష్ణా జిల్లాలోనిది, నేఁడు ఏలూరు జిల్లాలోనిది. అచటి చేపలచెఱువుల ప్రాంతమునుండి దూరపు వసతిగృహమునకు బయలుదేఱు యువకుఁడు మొగలితుఱ్ఱు యువకునిలోఁ దన్ను గుర్తించును: తనకు మాత్రమే యనుకొనిన బెదరు ఇతరులకును కలదని తెలిసికొనును. ఆ తెలివిడి యడుగుటకు ధైర్యము నిచ్చును. అటుపై వానికి వలసినది వినువారు. ఆ కర్తవ్యము గ్రంథమునది కాదు, విద్యాలయమునది. ప్రథమసంవత్సర విద్యార్థులకు ఈ నవలను పాఠముగ నుంచు అధ్యాపకులు, పాఠము ముగిసిన పిదప వారివారి కథలను గూడ చెప్పించి, నవ్వఁదగినవానిని నవ్వుగను, విచారింపఁదగినవానిని ఫిర్యాదుగను స్వీకరించిన, నరసింహశాస్త్రిగారి హాస్యమునకు సరియైన వ్యాఖ్యానము చేసినవారగుదురు.