అడంగల్‌లో రెండు గడులు: ఆదోని, ఎమ్మిగనూరు భూసంబంధాలు – సాహిత్య విమర్శ

1. ప్రవేశిక

గ్రామ లెక్కలలో మూడో నంబరు లెక్క అడంగల్. అందులో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరొక గడి ఉంటాయి. భూమి ఎవరిదో మొదటిది చెప్పాలి. దున్నుతున్నదెవరో రెండోది చెప్పాలి. రాయలసీమ రైతుపై వచ్చిన సాహిత్య విమర్శ ప్రధానంగా వాన, కరవు, నీళ్ల చుట్టూ సాగింది. ఈ రెండు గడుల మధ్య దూరాన్ని అది తగినంతగా పట్టించుకోలేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. పట్టా – రైతు

ఆదోని ప్రాంతం 1800లో నిజాం నుంచి కంపెనీకి దక్కిన దత్తమండలాలలో భాగం. థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైతువారీ పద్ధతి, పట్టా గలవాణ్ణే శిస్తు బాధ్యుడైన రైతుగా గుర్తించింది. 1953లో బళ్లారి జిల్లా నుంచి విడివడి ఆదోని ఆంధ్రలో కలిసిన తరువాత కూడా 'రైతు' అన్న మాట పట్టాను వీడలేదు. పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు నిండిన వాటిని అమ్ముకొనే వీలును 2023 సవరణ కల్పించింది. ఒకటి రక్షణ, మరొకటి స్వేచ్ఛ. రెండింటిలోనూ కేంద్రం పట్టాదారే.

3. ఒక పోలిక

సోషలిస్టు వ్యవస్థ కూలిన తరువాత ఉక్రెయిన్‌లో సామూహిక క్షేత్రాల భూమిని గ్రామస్థులకు వాటాలుగా పంచారు. 2001లో విధించిన అమ్మకాల నిషేధం 2021 జూలైలో తొలగింది. ఈ మధ్యకాలంలో యజమానులలో చాలామంది తమ వాటాలను పెద్ద వ్యవసాయ కంపెనీలకు కౌలుకిచ్చారు. అక్కడ కౌలుదారు బలవంతుడు, యజమాని బలహీనుడు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో పరిస్థితి దీనికి తలకిందులు. తుంగభద్ర దిగువ కాలువ కింది మాగాణి అయినా, పత్తి పండే నల్లరేగడి అయినా కౌలు తరచుగా నోటిమాటే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి యజమాని సంతకం కోరుతుంది. హక్కు పోతుందన్న భయంతో యజమాని సంతకం చేయకపోతే, కౌలుదారుకు పంట రుణమూ నష్టపరిహారమూ అందడం కష్టం. కాబట్టి యాజమాన్యం ఒక్కటే బలాన్ని నిర్ణయించదు. ఒప్పందాన్ని ఎవరు శాసిస్తారన్నదే కీలకం.

4. నవల చెప్పినది, విమర్శ చూడనిది

చిత్తూరు సీమ నేపథ్యంగా కేశవరెడ్డి రాసిన 'మూగవాని పిల్లనగ్రోవి'లో, భూమిని పోగొట్టుకొన్న బక్కిరెడ్డి దాని నుంచి విడివడలేకపోతాడు. దీనిని రైతుకూ భూమికీ గల విడరాని బంధంగా చదవడం సమంజసమే. అయితే అది ఒకప్పుడు పట్టా కలిగినవాని దుఃఖం. ఎన్నడూ పట్టా లేనివానికి 'అమ్ముకొన్నాడు', 'పోగొట్టుకొన్నాడు' అన్న క్రియలు వర్తించవు. గడువు తీరగానే అతడు భూమిని 'విడిచిపెడతాడు', అంతే. అప్పు మాత్రం అతని వెంటే ఉంటుంది. ఆ అప్పు తీర్చడానికే ఎన్నో కుటుంబాలు గుంటూరుకో తెలంగాణకో సుగ్గికి పోతాయి.

5. ముగింపు

సుగ్గి ఇతివృత్తంగా గల రచనలను మనం వలస కథలుగా వర్గీకరిస్తున్నాం. అవి భూమి కథలు కూడా. పాత్ర ఊరు విడవడానికి ముందు ఏ చేను ఎవరి మాట మీద దున్నిందో విమర్శకుడు అడగాలి. ఆ ప్రశ్న వేయని విమర్శ, తెలియకుండానే అడంగల్ మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది.