విల్లా ఎమో: పొలం ఇల్లు వాస్తుకళగా మారిన తీరు

ఉద్దేశ్యం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఒక కట్టడాన్ని ముఖభాగం అందాన్ని బట్టి మాత్రమే కాక, దాని ఉపయోగాన్ని, దాని వెనుక ఉన్న ఆర్థిక కారణాలను, అది చూపే సామాజిక అంతరాలను బట్టి కూడా అంచనా వేయగలుగుతారు.

1. చారిత్రక నేపథ్యం

‘విల్లా’ అనగానే మనకు విలాస భవనం గుర్తుకు వస్తుంది. 16వ శతాబ్దంలో ఈశాన్య ఇటలీలోని వెనీటో ప్రాంతంలో మాత్రం యజమాని ఇల్లు, గాదెలు, పశువుల కొట్టాలు, పొలాలు అన్నీ కలిసినదే విల్లా.

వెనీస్ ప్రభువంశాలు తరతరాలుగా సముద్ర వ్యాపారంతో సంపన్నమయ్యాయి. ఆటోమన్ల విస్తరణ వల్లా, 1498లో పోర్చుగీసువారు భారతదేశానికి సముద్ర మార్గం కనుగొనడం వల్లా ఆ వ్యాపారం ఒడుదొడుకులకు లోనయింది. మరోవైపు జనాభా పెరిగి ధాన్యానికి గిరాకీ హెచ్చింది. దీంతో ప్రభువులు తమ పెట్టుబడిని భూమివైపు మళ్లించారు. బీడు భూములను సాగులోకి తేవడానికి వెనీస్ ప్రభుత్వం 1556లో ప్రత్యేక అధికార వ్యవస్థనే ఏర్పాటు చేసింది.

ఈ వాతావరణంలోనే త్రెవీజో సమీపంలోని ఫాంజోలో గ్రామంలో, తమ పొలాల మధ్య, ఎమో కుటుంబం విల్లా కట్టించుకుంది. యజమాని లియొనార్దో ఎమో, వాస్తుశిల్పి ఆంద్రెయా పల్లాదియో (1508–1580).

2. నిర్మాణ స్వరూపం

విల్లాకు ఎదురుగా నిలబడినట్లు ఊహించుకోండి. మధ్యలో ఎత్తైన పీఠం మీద యజమాని ఇల్లు ఉంది. దాని ముందు నాలుగు డోరిక్ స్తంభాల మంటపం, పైన ప్రాచీన రోమన్ దేవాలయాలకు ఉండే త్రికోణ శిఖర ఫలకం ఉన్నాయి. పైకి వెళ్లడానికి నిటారు మెట్లకు బదులు వెడల్పాటి ఏటవాలు దారి ఉంది. ఇంటికి ఇరువైపులా కమానుల వరుసలతో పొడవాటి రెక్కలు సాగుతాయి. వీటిని అక్కడ ‘బార్కెస్సా’ అంటారు. రెండు రెక్కల చివర్లలో పావురాల గూళ్ల బురుజులు ఉన్నాయి.

పల్లాదియో 1570లో ప్రచురించిన ‘వాస్తుకళపై నాలుగు గ్రంథాలు’లో ఈ విల్లా నమూనా ఉంది. ఇరుపక్కలా నేలమాళిగలు, గాదెలు, కొట్టాలు ఉన్నాయనీ, పావురాల గూళ్లు యజమానికి లాభాన్ని, స్థలానికి శోభను ఇస్తాయనీ, కప్పు నీడలోనే అంతటా తిరగవచ్చనీ అక్కడ వివరిస్తాడు. లాభం, శోభ రెండూ ఒకే వాక్యంలో ఉండటం గమనించండి. ఈ కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి అదే కీలకం.

3. విమర్శ: కొలతలు చెప్పేది, చెప్పనిది

పల్లాదియో తన నమూనాలో ప్రతి గదికీ కొలతలు వేశాడు. నడి హాలు 27 అడుగుల చదరం. దాని ముందున్న మంటపం 27 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. కళాచరిత్రకారుడు రుడాల్ఫ్ విట్కోవర్ 1949 నాటి గ్రంథంలో పల్లాదియో కొలతలను సంగీత స్వరాల నిష్పత్తులతో ముడిపెట్టి చదివాడు. ఈ విశ్లేషణ విలువైనదే. కాని దానితోనే ఆగిపోతే విల్లా ఒక గణితలెక్కగా మిగిలిపోతుంది.

ఈ విల్లాలోని అసలు కొత్తదనం గాదెలలో ఉంది. సాధారణంగా ఇంటి వెనుక, కంటికి కనబడకుండా ఉండే కొట్టాలను పల్లాదియో ముందుకు తెచ్చి, యజమాని ఇంటితో ఒకే గీతలో నిలిపాడు. రెక్కలను తీసివేసి చూడండి: మధ్య ఇల్లు ఒక సాదా పెట్టెలా మిగులుతుంది. దాని హుందాతనం చాలావరకు ఆ కమానుల వరుసల నుండి వచ్చినదే. అలంకారం కూడా తక్కువ. కిటికీల చుట్టూ చెక్కడాలు లేవు, గోడలు నునుపైన గచ్చు. పొలం ఇంటికి తగిన ఈ పొదుపే దాని అందమైంది.

అయితే మరో పక్క కూడా చూడాలి. ఆలయ ముఖభాగాన్ని ఇంటికి ఎందుకు పెట్టాలి? ప్రాచీనులు ఆలయాల రూపాన్ని ఇళ్ల నుండే తీసుకుని ఉంటారని పల్లాదియో నమ్మకం. అంతేకాక ఆ ఫలకం ద్వారాన్ని ప్రస్ఫుటం చేస్తుందనీ, యజమాని వంశచిహ్నం ఉంచడానికి అనువుగా ఉంటుందనీ రాశాడు. ఇక్కడా ఫలకం మీద ఎమో వంశచిహ్నమే ఉంది. అంటే గాదెను, ఇంటిని కలిపిన చేయే వాటి మధ్య హెచ్చుతగ్గులనూ గీసింది: ఇల్లు ఎత్తులో, గాదె నేలమీద.

నీడలో అంతటా తిరిగే వీలు యజమానికి సౌకర్యమే కాదు, పర్యవేక్షణ కూడా. ధాన్యం ఎక్కడికి చేరిందో ఇల్లు దిగి వెళ్లి చూసుకోవచ్చు. లోపల జొవాన్ని బత్తిస్తా జెలొత్తి వేసిన కుడ్యచిత్రాలలో పురాణ, రోమన్ గాథలు నిండి ఉన్నాయి. ఆ ధాన్యాన్ని పండించిన రైతుల గురించి పల్లాదియో ఈ విల్లా వర్ణనలో ఏమీ చెప్పలేదు. పావురాలకు చోటు దొరికిన వర్ణనలో కూలీలకు దొరకలేదు.

ఈ కారణంగా విల్లా గొప్పదనం తగ్గిపోతుందా? తగ్గదు. శ్రమకు సంబంధించిన కట్టడాలకు గౌరవప్రదమైన రూపం ఇవ్వడం పల్లాదియో సాధించిన విజయం. ఆ శ్రమ చేసినవారికి అదే గౌరవం ఇవ్వకపోవడం ఆ సమాజపు పరిమితి. విమర్శకుడు రెండింటినీ చెప్పాలి. మొదటిదే చెబితే పొగడ్త, రెండవదే చెబితే నింద అవుతుంది.

4. సారాంశం

విల్లా ఎమో వ్యాపారం నుండి వ్యవసాయానికి మళ్లిన ఒక వర్గం కట్టుకున్న ఇల్లు. ఉపయోగాన్నే అందంగా మలచడం దాని బలం. ఆలయ ముఖభాగం ద్వారా యజమాని ఆధిక్యాన్ని సహజమైనదిగా చూపడం దానిలో ప్రశ్నించవలసిన అంశం. 2004 వరకు ఈ విల్లా ఎమో వంశం చేతిలోనే ఉంది. వెనీటోలోని ఇతర పల్లాదియో విల్లాలతో పాటు 1996 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెనీస్ ప్రభువులు భూమివైపు మళ్లడానికి కారణాలేమిటి?
2. బార్కెస్సాలు లేకపోతే విల్లా ఎమో రూపం ఎలా మారుతుంది? మీ మాటల్లో వివరించండి.
3. మీ ప్రాంతంలోని ఒక పాత ఇంటిని పరిశీలించి, యజమాని ఉండే చోటుకూ పనివారు మసలే చోటుకూ మధ్య తేడాను కట్టడం ఎలా చూపిస్తుందో 10 వాక్యాల్లో రాయండి.