పిశాచ ప్రేమికుడు - పదిహేడేళ్ళ పాఠకురాలు

కిందటి సంవత్సరం డిగ్రీ మొదటి తరగతిలో వరూధినీ ప్రవరుల ఘట్టం చెబుతూ వుండగా, వెనక బల్ల మీది అమ్మాయి పాఠ్యపుస్తకం మధ్య మరో పుస్తకం పెట్టుకుని చదవటం నా కంటబడింది. వెళ్ళి తీసుకున్నాను. అది స్టెఫనీ మేయర్ నవల "ట్వైలైట్". అట్ట వూడి, అంచులు నలిగి, చాలా చేతులు మారినట్టు కనిపించింది. "యీ రక్తపిశాచాల గొడవ దేనికమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి లేచి నిలబడి, భయమేమీ లేకుండా, "మేడమ్, వరూధినిని మోసగించినవాడు గంధర్వుడే కదండీ. అది పాఠమూ, యిది గొడవా యెలా అయింది?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను. గంట కొట్టారు, బతికాను.

ఆ ప్రశ్న తేలికైనది కాదు. పెద్దన కథలో వరూధిని మానవకాంత కాదు. ప్రవరుడు కాదని వెళ్ళిపోయిన తర్వాత, వెనక ఆమె తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. ఆమె నమ్ముతుంది. ఆ మాయాసంబంధం వల్ల పుట్టిన స్వరోచి వంశంలోనే మనువు జన్మిస్తాడు. రామరాజభూషణుడి "వసుచరిత్ర"లో కథానాయిక నదికీ పర్వతానికీ పుట్టిన బిడ్డ. మధిర సుబ్బన్న దీక్షితులుగారి "కాశీమజిలీ కథలు" నిండా శాపగ్రస్తులూ, రూపాలు మార్చుకునేవాళ్ళూ. 1951లో "పాతాళభైరవి"కి కథ అక్కడినుంచే వచ్చింది. హేతువాది, మార్క్సిస్టు అయిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా "చందమామ"లో పనిచేశారు. ఆ పత్రికలో నెలనెలా బేతాళుడు చెట్టెక్కుతూనే వున్నాడు. అది చదివి పెరిగినవాళ్ళంతా దయ్యాలను నమ్మే మూర్ఖులైపోయారని మనలో యెవరూ అనరు. కాబట్టి అద్భుతం కనిపించగానే అది తిరోగమనమని తీర్పు చెప్పటం విమర్శ కాదు, బద్ధకం.

యీ బద్ధకం మనకు కొత్తది కాదు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" వారపత్రికలో వెలువడుతున్నప్పుడు పాఠకులు దానికోసం కాచుకుని కూర్చున్నారు. రంగనాయకమ్మగారు ఆ నవల మీద యేకంగా వొక పుస్తకమే రాసి, అది తులసిదళం కాదు, గంజాయిదమ్ము అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. చేతబడి చేశారన్న అనుమానంతో పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపుతున్న దేశంలో, చేతబడికి సగం శాస్త్రం మాటలు తొడిగి అమ్మటం నేరం. అయితే అద్దె లైబ్రరీ ముందు నిలబడి ఆ నవల అడిగిన గుమాస్తా, గృహిణి, కాలేజీ కుర్రవాడు దాన్ని యెందుకు అడిగారు అన్న ప్రశ్నను మనం అప్పుడు వదిలేశాం. దమ్ము కొట్టేవాడి వొంట్లో వున్న నొప్పి యేదో చూడలేదు.

"ట్వైలైట్" జాతి నవలలు చేతబడి నవలలు కావు, అది ముందు గుర్తించాలి. చదివిన పిల్లలెవరూ రక్తపిశాచం వున్నదని నమ్మరు. వాళ్ళు నమ్మేది ప్రేమను. మొదటి నవల 2005లో, నాలుగోది 2008లో వచ్చాయి. సినిమాలు ఆ తర్వాత. యిప్పుడు ఆ వరవడి తెలుగులోకీ దిగింది. ప్రతిలిపిలో రోజుకో భాగంగా వచ్చే కథల్లో ప్రేమా దయ్యమూ కలిసినవి మా పిల్లలు ఫోనులో చదువుతూనే వుంటారు.

యింతకూ యీ పిశాచ ప్రేమికుడు యెవరు? 1897లో బ్రామ్ స్టోకర్ సృష్టించిన డ్రాకులా వొక ప్రభువు. పాడుబడిన కోటలో వుండి, చుట్టుపట్ల వూళ్ళ నెత్తురు తాగే భూస్వామి. అతన్ని చంపటమే ఆ కథకు ముగింపు. వందేళ్ళు గడిచేసరికి ఆ పిశాచానికి కోట పోయింది, మంచి కారు వచ్చింది. "ట్వైలైట్" నాయకుడు ఎడ్వర్డ్ పదిహేడేళ్ళ వయసులో ఆగిపోయినవాడు. అతని కుటుంబానికి తరగని డబ్బు వున్నది. యింట్లో వొకామెకు భవిష్యత్తు కనిపిస్తుంది కనుక స్టాకు మార్కెట్టులో యెప్పుడూ నష్టం రాదు! వాళ్ళు మనుషుల నెత్తురు మానుకుని జంతువులతో సరిపెట్టుకుంటారు, తమను తాము శాకాహారులమని సరదాగా చెప్పుకుంటారు. మార్క్సు 1867 నాటి "కాపిటల్"లో పెట్టుబడిని బతికున్న శ్రమను పీల్చి బతికే రక్తపిశాచంతో పోల్చాడు. ఆ పోలిక పక్కన యీ శాకాహార పిశాచాన్ని నిలబెట్టి చూస్తే నవ్వు రాక మానదు. కోరలు దాచుకుని, దానధర్మాలు చేస్తూ, అందంగా వుండే ధనం అది. దాన్ని చంపనక్కరలేదు, పెళ్ళాడితే చాలు.

మన పాఠకురాలికి యితను పరాయివాడు కూడా కాదు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ"లో రాజశేఖరాన్ని చూడండి. ఐశ్వర్యవంతుడు, ముభావి, అందరికీ అందనివాడు, చివరకు వొక్క జయంతికే లొంగేవాడు. అతనికి కోరలు తగిలిస్తే ఎడ్వర్డ్ అవుతాడు. మా అమ్మ తరంవారు రాజశేఖరం కోసం నిట్టూర్చారు, నా విద్యార్థినులు ఎడ్వర్డ్ కోసం నిట్టూరుస్తున్నారు.

యిక్కడితో ఆపితే వ్యాసం సులువుగా ముగిసిపోయేది. ధనికవర్గపు కల, పలాయనవాదం అని రెండు మాటలు రాసి సంతకం పెట్టవచ్చు. కాని రాజశేఖరానికి కోరలు యెందుకు కావలసివచ్చాయన్నది తేలలేదు.

నా సంగతి చెబుతాను. నేను యింటర్మీడియెట్ చదివే రోజుల్లో, సింహాచలంలో మా యింటినుంచి బస్సు దాకా రోజూ వొక కుర్రవాడు మోటారుసైకిలు మీద నెమ్మదిగా వెంట వచ్చేవాడు. యేమీ అనేవాడు కాదు, చూసేవాడు, అంతే. యింట్లో చెప్పలేదు. చెబితే ఆగేది అతని మోటారుసైకిలు కాదు, నా చదువు. యీ లెక్క ప్రతి ఆడపిల్లకూ తెలుసు. 2008 డిసెంబరులో వరంగల్లులో యిద్దరు యింజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ బస్సు దారే. పత్రికలు అలాంటివాణ్ణి "ప్రేమోన్మాది" అన్నాయి. హింసించినవాడికి కూడా ప్రేమ అన్న మాటను దానం చేసే భాష మనది.

యిప్పుడు ఆ నవల తెరవండి. ఎడ్వర్డ్ బెల్లా వెంటబడతాడు. ఆమె నిద్రపోతూ వుంటే గదిలోకి వచ్చి చూస్తూ కూర్చుంటాడు. ఆమె వాసనకే అతనికి చంపాలనిపిస్తుంది, ఆ మాట ఆమెతోనే చెబుతాడు. బస్సు దారిలో పిల్లలు పడే భయమంతా యీ పుస్తకంలో పేరు పెట్టి వున్నది. దాచలేదు. మంచి అల్లుళ్ళ కథలు ఆ భయాన్ని దాస్తాయి, తలిదండ్రులు దాస్తారు, సిలబస్సు దాస్తుంది. మగవాడు ప్రమాదకరమైనవాడు కావచ్చునన్న నిజాన్ని ముందు వొప్పుకున్న పుస్తకం గనుకనే పిల్ల దాన్ని నమ్ముతుంది. ఆ తర్వాతే మోసం జరుగుతుంది. అతను చంపగలడు, అయినా నిన్ను చంపడు, అదే ప్రేమ అని నవల నచ్చచెబుతుంది. భయాన్ని పోగొట్టదు, దానికి పట్టుబట్ట కడుతుంది. వరూధిని మోసపోయింది తెలియక. బెల్లా అన్నీ తెలిసి కోరుకుంటుంది. నా విద్యార్థిని ప్రశ్నకు జవాబులో మొదటి సగం యిది.

రెండో సగం నెత్తురుకు సంబంధించినది. యీ నవలల్లో ప్రేమకు అడ్డుగోడ జాతి. అతను వొక జాతి, ఆమె వొక జాతి, రెండూ కలవరాదని పెద్దలు కట్టిన నియమాలున్నాయి. మన యిళ్ళలో యీ మాటలు పెళ్ళిచూపుల దగ్గర రోజూ వింటున్నవే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి, అతని భార్య గర్భిణిగా వున్నప్పుడు, పట్టపగలు నరికి చంపించినవాడు ఆమె తండ్రి. నెత్తురు తాగే పిశాచం యెక్కడున్నదో మనకు తెలుసు. కులం దాటి ప్రేమించటం గురించి తరగతి గదిలో వొక్క మాట మాట్లాడలేని అమ్మాయి, మనిషికీ పిశాచానికీ మధ్య ప్రేమ గురించి గంటలకొద్దీ మాట్లాడుతుంది. ఆ మాటల కింద యే మాట వున్నదో వినే చెవి మనకు లేదు.

అలాగని నవల ఆ గోడను పడగొడుతుందా? పడగొట్టదు. పైపెచ్చు దాన్ని నిజం చేస్తుంది. కులం మనుషులు కట్టింది. కోరలు పుట్టుకతో కాకపోయినా నెత్తుటిలోంచి వచ్చేవి. భేదం నెత్తురులోనే వున్నదని వొప్పుకున్న తర్వాత దాన్ని వొక్క జంట దాటితే యేం, దాటకపోతే యేం? యింకొక సంగతి. బెల్లాను ప్రేమించే మరో కుర్రవాడు జేకబ్. అతను క్విల్యూట్ అనే ఆదివాసి తెగవాడు. వూహించి రాసిన తెగ కాదు, అమెరికా పడమటి తీరాన నిజంగా వున్న ప్రజలు. ఆ తెగ కుర్రవాళ్ళను రచయిత్రి తోడేళ్ళను చేసింది. తెల్లని ధనికుడు అమరుడయ్యాడు, ఆదివాసి మృగమయ్యాడు. బెల్లా యెవర్ని వరించిందో చెప్పనక్కరలేదు.

మా వూరి కొండమీద వున్నది సగం మనిషి, సగం జంతువు. వరాహ నరసింహుని వుగ్రం చల్లార్చటానికి యేడాది పొడుగునా చందనం పూసి వుంచుతారు. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే తీసి నిజరూపం చూపిస్తారు. అహోబిలం వైపు చెప్పుకునే కథలో యిదే నరసింహుడు కోపంతో అడవులు పట్టి తిరుగుతూ చెంచుపిల్లను చూసి ప్రేమిస్తాడు. చెంచులు నేటికీ ఆయన్ను తమ అల్లుడంటారు. యీ కథ 1943లోనూ 1958లోనూ సినిమాగా వచ్చింది. యిక్కడ మృగం దేవుడు, మనిషి ఆదివాసి పిల్ల. ఆమె అతని లోకానికి వెళ్ళటానికి తహతహలాడదు. అతనికే అడవి బతుకు చేతనవునా అని పరీక్ష పెడుతుంది. గోళ్ళున్నవాడు నేర్చుకోవాలి, మారాలి, మామగారి దగ్గర కుదురుగా నిలబడాలి. యిది భక్తికథే, ఆదివాసి దేవుణ్ణి పైకులాల గుడి కలుపుకున్న చరిత్ర కూడా దీని వెనక వుండవచ్చు, కాదనను. అయినా మృగంతో ప్రేమ అన్న వొకే కథను రెండు సమాజాలు యెవరి పక్షాన నిలబడి చెప్పాయో పోల్చి చూడండి. బెల్లా కథ యెక్కడ ముగుస్తుంది? పద్దెనిమిదో యేట పెళ్ళి, ఆపైన బిడ్డ, ఆపైన తానూ పిశాచమై యెన్నటికీ వయసు రాకుండా వుండిపోవటం. చదువు లేదు, పని లేదు. మారవలసింది యెప్పుడూ ఆ పిల్లే.

నెల తర్వాత ఆ పుస్తకం తిరిగి యిచ్చేస్తూ యీ మాటల్లో కొన్ని ఆ అమ్మాయితో అన్నాను. శ్రద్ధగా విన్నది. చెంచులక్ష్మి సంగతి తనకు తెలియదన్నది. వాళ్ళ నాన్న వుక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడట. యింటర్ అయిన వెంటనే పెళ్ళి సంబంధం చూశారనీ, తను యేడ్చి మానిపించి డిగ్రీలో చేరాననీ అప్పుడు చెప్పింది. "మీరు చెప్పింది నిజమే మేడమ్. కానీ బెల్లాకి నచ్చినవాణ్ణే యిచ్చి చేశారు కదండీ" అన్నది. పుస్తకం సంచిలో పెట్టుకుని, మూడో భాగం యెవరి దగ్గర వున్నదో కనుక్కోవటానికి వెళ్ళింది.