చెప్పే పని ఎవరిది?

చావు జరిగిన ఇంట్లో ప్రతి పనికీ ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఐస్ బాక్స్‌కి ఫోన్ చేసేదొకరు. షామియానా, కుర్చీలు వేయించేదొకరు. హైదరాబాద్‌లో బయల్దేరినవాళ్లు ఎక్కడిదాకా వచ్చారో కనుక్కుంటూ గేటు దగ్గరే తచ్చాడేదొకరు. వచ్చినవాళ్లకి కాఫీలు అందాయో లేదో చూసేదొకరు. ఎవరూ పంచకుండానే పనులన్నీ పంపకమైపోతాయి. ఇందులో మన ఊళ్లకి సాటి లేదు. ఒక్క పని మాత్రం ఎవరి వాటాకీ రాదు. పిల్లలకి చెప్పే పని.

వాళ్లని పక్కింటికి పంపించేస్తాం. చేతిలో సెల్‌ఫోన్, ఒక బిస్కెట్ ప్యాకెట్. పక్కింటావిడ వాళ్లని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. వీధిలో కార్లు ఆగుతుంటాయి, మనింటి వైపు నుంచి ఏడుపులు వినిపిస్తుంటాయి. ఇంత జరుగుతున్నా పిల్లలకి ఏమీ తెలియదని పెద్దవాళ్ల నమ్మకం. నిజానికి ఏదో ఘోరం జరిగిందని వాళ్లకి తెలిసిపోతుంది. ఆ ఘోరమేమిటో అడగకూడదని కూడా అదే పూట నేర్చేసుకుంటారు.

నాలుగేళ్ల కిందట తణుకులో మా చెల్లెలి ఇంట్లో ఆ పని నాకు పడింది. మరిదికి గుండెపోటు. పదో తరగతి చదివే అమ్మాయి, ఒకటో తరగతి పిల్లాడు. అసలు చెప్పాల్సింది తల్లే. పిల్లలు ఇలాంటి మాట ఎవరి నోట విన్నారో జీవితాంతం మర్చిపోరు. కానీ మా చెల్లెలికి నోట మాట రావడం లేదు. అందుకని దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి పట్టుకుని, పిల్లల్ని దగ్గరికి పిలిచి నేనే చెప్పాను. నాన్న గుండె ఆగిపోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, కుదరలేదు. నాన్న చనిపోయారు. ఇంక లేవరు, మాట్లాడరు, ఇంటికి రారు.

వెనక నుంచి ఒక పెద్దావిడ అందుకుంది. "పసివాడి దగ్గర అవేం మాటలే, దేవుడి దగ్గరికి వెళ్లాడని చెప్పరాదూ!"

చిన్నోడు నా మొహంలోకి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మరి రేపు స్కూటీ మీద స్కూల్లో ఎవరు దింపుతారు, పెద్దమ్మా?" బాబాయి దింపుతాడని, ఆ తర్వాత ఆటో మాట్లాడతామని చెప్పాను. తలూపాడు. కాసేపు వాళ్లమ్మ ఒళ్లో పడుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి అరుగు మీద బొమ్మకారు నడుపుకున్నాడు. చూసినవాళ్లు "పాపం, వాడికేం తెలుసు" అన్నారు.

వాడికి తెలిసింది వాడి వయసుకి సరిపడా ఉంది. 1948లో మరియా నాగి అనే పరిశోధకురాలు బుడాపెస్ట్‌లో మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలతో మాట్లాడి, వాళ్ల చేత బొమ్మలు వేయించి, చావు గురించి వాళ్లేమనుకుంటారో ప్రచురించింది. అయిదేళ్ల లోపువాళ్లకి చావంటే ఒక ప్రయాణం, లేకపోతే నిద్ర. వెళ్లినవాళ్లు తిరిగొస్తారు, పడుకున్నవాళ్లు లేస్తారు. తర్వాత వచ్చిన పరిశోధకులు వయసుల లెక్క కొంత సవరించారు. పోయినవాళ్లు తిరిగి రారని, వాళ్ల ఒళ్లు ఇక పనిచెయ్యదని, చావు అందరికీ వస్తుందని, దానికి ఒక కారణం ఉంటుందని చాలామంది పిల్లలకి అయిదు నుంచి ఏడేళ్ల మధ్య ఒక్కొక్కటిగా అర్థమవుతూ వస్తుంది. ఒకేసారి అన్నీ అందవు. ఇక ఆడుకోవడం సంగతి. పిల్లలు దుఃఖంలో ఎక్కువసేపు నిలవలేరు. వాన నీళ్ల గుంటలో దిగి మళ్లీ గట్టుకి ఎగిరినట్టు దిగుతూ, బయటికి వస్తూ ఉంటారు. అరుగు మీద కారు నడిపిన పిల్లాడు రాత్రి పక్క తడిపాడు. ఆ రెండూ ఒకే బాధ.

అయిదేళ్ల లోపువాడికి ఎలాగూ చావంటే నిద్రే కాబట్టి, "నాన్న నిద్రపోయారు" అని మనం కూడా అంటే ఆ అపోహకి ముద్ర వేసినట్టే. ఆ రాత్రి నుంచి వాడికి పడుకోవాలంటే భయం, అమ్మ కునుకు తీస్తే ఇంకా భయం. "ఊరెళ్లారు" అంటే చెప్పకుండా వెళ్లిపోయారన్న కోపం, ఫోన్ ఎందుకు చెయ్యరన్న ప్రశ్న. "మంచివాళ్లని దేవుడు తొందరగా తీసుకెళ్తాడు" అన్న మాట ఇంకా ప్రమాదం. బుద్ధిగా ఉండాలనుకునే పిల్లాడు ఆ లెక్కలో తనెక్కడున్నాడో చూసుకుంటాడు. దేవుడి ప్రసక్తే వద్దని నేననను. మా చెల్లెలికి భక్తి ఎక్కువ, పిల్లలు కూడా దీపం పెడతారు. దేవుడి మాట తర్వాత రావచ్చు. ముందు గుండె ఆగిపోయిన సంగతి రావాలి.

ఇంకొకటి పిల్లలు అడక్కుండానే చెప్పాలి. పోయింది నీ వల్ల కాదు అని. ముందురోజు సాయంత్రం చిన్నోడు కొత్త బ్యాట్ కొనలేదని నాన్న మీద అలిగి మాట్లాడలేదట. ఈ సంగతి బయటికొచ్చేసరికి చాలా రోజులు పట్టింది, అది కూడా అన్నం తింటూ తింటూ అన్నాడు. ఆరేళ్ల బుర్రలో అలకకీ గుండెపోటుకీ ముడి పడిపోతుంది. పదిహేనేళ్ల బుర్రలో కూడా పడుతుంది, కాకపోతే ఆ వయసువాళ్లు దాచడంలో ఆరితేరినవాళ్లు.

నిజం చెప్పాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు 'సెసమీ స్ట్రీట్' గుర్తొస్తుంది. అమెరికాలో చిన్నపిల్లల టీవీ కార్యక్రమం. అందులో కొట్టు నడిపే మిస్టర్ హూపర్ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ పాత్రకి ఇంకొకరిని పెట్టుకోవచ్చు, ఆయన వేరే ఊరు వెళ్లిపోయాడని కథ మార్చేయొచ్చు. వాళ్లు పిల్లల మనస్తత్వ నిపుణులతో మాట్లాడి, చనిపోయాడనే చెప్పాలని నిర్ణయించుకున్నారు. 1983 నవంబర్ 24న, సెలవు కాబట్టి పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండే థ్యాంక్స్‌గివింగ్ రోజున, ఆ భాగం ప్రసారమైంది. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపుపచ్చ పక్షి అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతుంది, హూపర్ బొమ్మ ఆయన వచ్చాక ఇస్తానంటుంది. ఆయన రారని చుట్టూ ఉన్న పెద్దవాళ్లు చెప్తారు. ఎందుకని మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెప్తారు. ఒక టీవీ కార్యక్రమానికి ఉన్నంత ఓపిక మన పెత్తండ్రులకీ మేనత్తలకీ ఎందుకుండదో!

మన దగ్గర ఇంకో చిక్కుంది, అది వాళ్లకి లేదు. కొడుకు తలకొరివి పెట్టాలి. పిల్లాడు ఆరేళ్లవాడైనా సరే, ఉన్నది వాడొక్కడే. వద్దని తలుపు మూసేస్తే, నాన్నకి చేయాల్సింది నన్ను చేయనివ్వలేదని పెద్దయ్యాక వాడే అడగొచ్చు. చెయ్యమంటే ఆ మంట వాడి కళ్లలో ఉండిపోవచ్చు. మా పురోహితుడు గారు అనుభవం ఉన్న మనిషి. పిల్లాడి చేత దర్భ ముట్టించి, మిగతాదంతా వాళ్ల బాబాయి చేత చేయించారు. శ్మశానానికి వస్తావా అని వాణ్నే అడిగాం. అడిగే ముందు అక్కడేం జరుగుతుందో చెప్పాం. ఒంటికి ఇంక నొప్పి తెలియదని కూడా చెప్పాం, ఎందుకంటే వాడికి పట్టుకున్న భయం అదే. వీధి చివరిదాకా వచ్చి ఆగిపోతానన్నాడు. అంతవరకు వాడి చెయ్యి పట్టుకుని నడవడానికి, వాడు ఎప్పుడు వెనక్కి తిరిగితే అప్పుడు తిరగడానికి ఒక మనిషిని కేటాయించాం. ఆ మనిషికి వేరే పని చెప్పలేదు. ఎవరింట్లోనైనా ఈ ఒక్క ఏర్పాటు చేసుకోవచ్చు. ఖర్చులేనిది.

అమ్మాయి సంగతి వేరు. పెద్దది ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి కాఫీ గ్లాసులు కడిగింది, బామ్మకి మాత్రలు గుర్తుచేసింది, అందరి చెప్పులూ ఓ పక్కకి సర్దింది. "ఎంత బాధ్యతో చూడండి" అని మెచ్చుకోనివాళ్లు లేరు. ఆ మెచ్చుకోలు వింటే నాకు గుండె దడ. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ దాని తల మీద చెయ్యి వేసి అన్నది ఒకటే మాట. "నువ్వే ధైర్యంగా ఉండాలి తల్లీ, నువ్వు ఏడిస్తే అమ్మ తట్టుకోలేదు." మగపిల్లాడైతే ఇదే మాట "ఇంటికి పెద్దదిక్కు ఇక నువ్వే"గా మారుతుంది. ఓదార్పు అనుకుని అంటారు. పదిహేనేళ్ల పిల్ల చేతిలో నాన్న చావుతో పాటు అమ్మ ప్రాణం కూడా పెట్టి వెళ్తున్నామని ఎవరికీ తట్టదు. సాయంత్రానికి నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ మాట మొదలవగానే "దాన్ని పడుకోనివ్వండి పిన్నీ" అంటూ అడ్డుపడ్డాను. మర్యాద తక్కువ మనిషినని పేరొచ్చింది, రానీ.

పదో రోజు వచ్చింది. బొట్టు, గాజులు, తాళి తీసేయాలన్నారు. పిల్లల కళ్లతో చూస్తే ఆ తంతు ఏమిటో ఆలోచించారా? నాన్న మొహం ఇంక కనిపించదు. ఉన్న అమ్మ మొహం కూడా మార్చేస్తారు, అదీ తెల్లవారుజామున, ముత్తయిదువలెవరూ చూడకూడదంటూ. చిన్నోడికి అమ్మంటే ఆ ఎర్రబొట్టు. మా చెల్లెలు వద్దంది. వాళ్ల అత్తగారు కాసేపు గొణిగి, చివరికి మనవడి వైపు చూసి ఊరుకున్నారు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ ఈ తంతు తమ ఊళ్లో ఉండకూడదని తీర్మానం చేసింది, ఆ దారిలో నడవమని అక్కడి ప్రభుత్వం మిగతా ఊళ్లకీ చెప్పింది. ఆ తీర్మానాన్ని అందరూ ఆడవాళ్ల గౌరవం కోసమని మెచ్చుకున్నారు, సరైనదే. నేనైతే ముందు పిల్లల కోసమంటాను.

దినవారాలు అయ్యాక బడి. క్లాస్ టీచరు మంచి ఉద్దేశంతోనే క్లాసందరినీ లేపి రెండు నిమిషాలు మౌనం పాటింపజేసింది. పెద్దది ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టి ఏడ్చింది. ఆ మొదటి ఏడుపు నాన్న కోసం కాదు, ఆ రెండు నిమిషాల అవమానం కోసం. ఈడొచ్చిన పిల్లలకి నలుగురిలో వేరుగా కనపడటాన్ని మించిన శిక్ష లేదు. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది ముందుగా వాళ్లనే అడిగి స్కూలుకి చెప్తే సరిపోతుంది. అడిగితే పెద్దది ఇద్దరు స్నేహితురాళ్ల పేర్లు చెప్పేది, అంతే.

ఈ వయసువాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పు" అంటే ఏమీ ఉండదు. చేతులకి పని ఉండాలి, కళ్లు కలవకూడదు. స్కూటీ మీద వెనక కూర్చున్నప్పుడు, మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. నాన్న సిమ్ రీఛార్జ్ గడువు అయిపోతోందని, నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని పెద్దది నాకు చెప్పింది దుప్పటి పిండుతున్నప్పుడే. ఇంట్లో ఎవరికీ తట్టని విషయం. ఆ సాయంత్రమే రీఛార్జ్ చేయించాం. ఇప్పటికీ చేయిస్తున్నాం.

ఒక మార్పు వెంట పది మార్పులు వస్తాయి. ఇల్లు ఖాళీ చేయడం, అమ్మ ఉద్యోగం, ఫీజులు. బంధువులంతా పిల్లల్ని వెంటనే అమ్మమ్మగారి ఊరు తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ విద్యాసంవత్సరం అయ్యేదాకా కదిలించలేదు. అదే బడి, అదే ట్యూషన్, ఆదివారం అదే పెసరట్టు. కదలక తప్పని ఇళ్లుంటాయి, వాళ్లని తప్పుపట్టను. కోవిడ్‌లో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ వేసింది, కేంద్రం కూడా 23 ఏళ్లకి 10 లక్షలు అందేలా పథకం పెట్టింది. డబ్బు ఆ మాత్రం అందించడానికైనా దారి ఉంది. పొద్దున్నే అదే గంటకి లేపి, అదే డబ్బాలో అన్నం సర్దడం ఇంట్లోవాళ్లే చేయాలి.

చిన్నపిల్లలు "నాన్న దగ్గరికి వెళ్తా" అంటే చాలాసార్లు నాన్నని చూడాలని ఉందనే అర్థం. అయినా కాస్త ఆరా తీయడంలో తప్పు లేదు. ఈడొచ్చినవాళ్లు అంటే మాత్రం అక్కడే ఆగి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. వారాలు గడిచినా తిండీ నిద్రా కుదుటపడకపోయినా, బడి మొహం చూడకపోయినా డాక్టర్ని కలవాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఒకసారి చెప్పేస్తే అయిపోతుందనుకుంటాం. పిల్లలు ఎదిగినకొద్దీ అదే సంగతి మళ్లీ మొదటి నుంచి అడుగుతారు. ఆరేళ్లప్పుడు ఇచ్చిన జవాబు పదేళ్లకి చాలదు. మొన్న చిన్నోడు ఫోన్ చేసి, గుండెపోటు నాన్న నుంచి పిల్లలకి వస్తుందా పెద్దమ్మా అన్నాడు. కొందరిలో ఆ అవకాశం ఉంటుందని, ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చని, నాకంటే డాక్టరు బాగా చెప్తారని అన్నాను. వచ్చే సెలవుల్లో తీసుకెళ్తున్నాను. అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాడట. వాళ్లక్క చదివి వినిపించింది. సగం ఆవకాయ గురించే.