‘ఉస్తాద్ హోటల్’ - వంటయింటి వారసత్వము

పెండ్లిపందిటిలో వంటవానిని మెచ్చుకొనుట మనకు అలవాటు. మన యింటి పిల్లవాడే ఆ వృత్తిని కోరినచో మొగము చిట్లించుటయు అలవాటే. ఈ రెండు నాలుకల తీరును సూటిగా ప్రశ్నించిన చిత్రము 2012లో మలయాళమున వెలువడిన ‘ఉస్తాద్ హోటల్’. రచన అంజలీ మేనోన్, దర్శకత్వము అన్వర్ రషీద్. 2018లో ఇది ‘జనతా హోటల్’ అను పేర తెలుగులోనికి వచ్చినది.

కథ స్వల్పము. అక్కల నడుమ పెరిగిన ఫైజీ స్విట్జర్లాండునకు పోయి, తండ్రి యెరుగకుండ పాకవిద్య నభ్యసించి తిరిగివచ్చును. తండ్రి కోపమునకు గురియై, కోళిక్కోడు సముద్రతీరమున చిన్న హోటలు నడపు తాత కరీమును ఆశ్రయించును. తాత వెంటనే గరిటె నందీయడు. ముందుగా చిన్నపనులు చేయించును. తుదకు మధురకు పంపి, దిక్కులేనివారి యాకలి తీర్చుట యెట్టిదో కన్నులార చూడజేయును. చేతికి పనితనమును, మనసునకు దయయు కలిగినగాని వంటవాడు పూర్ణుడు కాడని చిత్రసారము. తాతపాత్రలో తిలకన్ నటన మిక్కిలి నిండైనది. ఆ మహానటుడు ఆ యేడే దివంగతుడగుట విచారకరము.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. తల్లిలేని ఫైజీకి వంటపై మమకారము కలిగినది అక్కల వంటయింటిలోనే. కథ సాగినకొలది ఆ యక్కలు వెనుకకు జరిగిపోవుదురు. గురుపీఠము తాతకే దక్కును. హోటలులో వండినచో విద్య, ఇంటిలో వండినచో వట్టి చాకిరి అను లోకపు తూకమునే చిత్రమును పాటించినది.

ఈ లోపము మనవంటి వారికి పట్టవలసినది. తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో పిల్లలు గోంగూరను ‘పుళిచ్చకీరై’ అనుట వినుచునే యున్నాము. పేరు జారినను పచ్చడి రుచి నిలిచినదన్న, అది యే బడియు నేర్పినది కాదు. రోటికడ కూర్చున్న అమ్మమ్మల, మేనత్తల చలువ. వారి చేతికొలతలను వ్రాసి పెట్టుకొన్నవారు అరుదు. నేర్చుకొందునని ముందుకు వచ్చిన కుఱ్ఱవానిని “నీకేల యీ పని?” అని వెడలగొట్టితిమా, ఆ రుచియు పేరు పోయిన దారినే పోవును.

ఇంటిల్లిపాదియు కలసి చూడదగిన చిత్రమిది. చూచిన పిమ్మట, అన్నము వడ్డించు చేతిని ఆపి, ఈ పచ్చడిలో ఉప్పెంత, పోపెట్లు అని పిల్లలచేత అడిగించుట మరింత ఉచితము.